మూడో అధ్యాయం గురించి

అమ్మాయీ,

నీ నవల చేరింది. మామిడితోట, కాపలావాడి పాక, లోపల శవం, ఈగల రొద... బాగా పట్టుకున్నావు. మూడో అధ్యాయంలోనే దొరికిపోయావు. నడివేసవిలో తొమ్మిది రోజులు కుళ్లిన శవం. రిపోర్టులో ఆల్కహాల్ వచ్చిందని, తాగి పోయాడని ఎస్సై కేసు మూసేశాడు. నీ డిటెక్టివూ తలూపాడు!

కల్లు కుండలో పులుస్తుంది కదా, శవంలోనూ అంతే. ఒంట్లో ఉన్న చక్కెరను సూక్ష్మజీవులు ఆల్కహాల్‌గా మారుస్తాయి. చుక్క ముట్టని మనిషి శవంలోనూ అది తేలొచ్చు. అందుకే కంటిగుడ్డు లోపలి ద్రవంతో సరిచూస్తారు, కుళ్లు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది గనుక. నీ శవానికి ఆ కళ్లూ మిగలవు. ఇక మందులంటావా, అవీ ఉన్నచోట ఉండవు. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో చేరినవి చచ్చాక గుండె రక్తంలోకి ఊరతాయి. గుండె రక్తంలో మోతాదు ఎక్కువ కనబడిందని ఎక్కువ మింగాడనుకోకూడదు.

నవ్వకు, నా మొదటి నవల్లో విసెరా సీసాని, అంటే శవం లోపలి అవయవాల ముక్కల్ని పరీక్షకు పంపే సీసాని, మూతి దాకా నింపించాను. ఒక రిటైర్డ్ డాక్టరు గారు కార్డు రాశారు: "అయ్యా, మీ సీసా దారిలోనే పేలుతుంది." కుళ్లే ముక్కల్లోంచి గ్యాసు పుడుతుంది కాబట్టి మూడో వంతు ఖాళీ వదలాలి. కాలేయం ముక్కలు, ఇంక ఉప్పు కరగదన్నంత ఉప్పునీళ్లు, పైన ఆ ఖాళీ, బిరడా, గుడ్డ, లక్క సీలు. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

నీ దగ్గరున్న అసలు నిధి ఆ ఈగలే. రక్తం మిగలనప్పుడు, ఈగల గుడ్లలోంచి పుట్టి శవాన్ని తిన్న పురుగుల్ని నూరి పరీక్షిస్తారు. 1980లో అచ్చయిన ఒక అమెరికా కేసులో, దాదాపు ఎముకలే మిగిలిన యువతి శవం మీది పురుగుల్లో ఫినోబార్బిటాల్ అనే మత్తుమందు దొరికింది. ఏం మింగిందో పురుగు చెబుతుంది, ఎంత మింగిందో చెప్పలేదు. పైగా కొకైన్ తిన్న పురుగు తొందరగా ఎదుగుతుంది. దాని సైజు చూసి చావు రోజు లెక్కగడితే, అసలు రోజు కంటే ముందే చచ్చినట్టు తేలుతుంది. హంతకుడికి ఇంతకంటే మంచి ఎలిబీ దొరుకుతుందా?

ఆ అధ్యాయం తిరగరాయి. పాకలో డాక్టరు పురుగుల్ని రెండు సీసాల్లో పెట్టాలి, ఒకదాంట్లో చంపినవి, ఇంకోదాంట్లో బతికున్నవి. బతికున్నవాటికి తిండేం పెట్టాలని కానిస్టేబుల్ అడగనీ. జవాబు నువ్వే వెతుకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు