లింకుల చివర ట్రాకింగ్ తోకలు: నేను ఎలా వదిలించుకున్నానంటే

లింకు నొక్కితే బారెడు అడ్రస్ తెరుచుకుంటోందని, ప్రకటనల్ని, ట్రాకర్లని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్‌ఆన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టుకున్నా పేజీలో లింకు మీద మౌస్ పెడితే ట్రాకింగ్ తోక, అంటే మన జాడ పట్టడానికి అడ్రస్ చివర తగిలించిన అక్షరాలు, అలాగే కనిపిస్తోందని కొందరు అడిగారు. ముందు యూబ్లాక్ డ్యాష్‌బోర్డ్‌లో (సెట్టింగ్స్ పేజీలో) ఫిల్టర్ లిస్ట్స్‌కి వెళ్లి, ప్రైవసీ కింద ‘యూఆర్‌ఎల్ ట్రాకింగ్ ప్రొటెక్షన్’ అని ఉన్నదానికి టిక్ ఉందో లేదో చూడండి. మనం పెట్టుకుంటే తప్ప ఆ టిక్ ఉండదు.

టిక్ ఉన్నా సరే, మౌస్ పెడితే తోక కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆ ఫిల్టర్ పేజీలో రాసి ఉన్న లింకు జోలికి పోదు. మీరు నొక్కాక, ఆ అడ్రస్ సర్వర్‌కి వెళ్లబోయే క్షణంలో తోక కత్తిరిస్తుంది. అంటే నొక్కినప్పుడు మీకు రక్షణ ఉంది. రైట్ క్లిక్ చేసి కాపీ చేస్తే మాత్రం తోకతో సహా వచ్చేస్తుంది. ఈ తేడా తెలియక నేను బాగా ఇబ్బంది పడ్డాను.

ఒక న్యూస్‌లెటర్‌లో మంచి వ్యాసం కనిపిస్తే ఆ లింకు కాపీ చేసి స్నేహితుల గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు: ‘ఇందులో నీ మెయిల్ ఐడీ ఉందేంటి?’ పేజీ అడుగున ఉన్న ఫారంలో నా మెయిల్ అడ్రస్ ముందే నింపి ఉంది. లింకు చివర ఈక్వల్ గుర్తు తర్వాత ఉన్న అక్షరాల గుంపు నాకు ఇచ్చిన నంబరన్నమాట. ఆ గ్రూపులో ఎవరు నొక్కినా సైటు దృష్టిలో అది నేనే. అప్పటినుంచి నేను చదువుకునే లింకుల కన్నా, ఇంకొకరికి పంపే లింకుల విషయంలోనే ఎక్కువ జాగ్రత్తగా ఉంటున్నాను.

పంపేటప్పుడు నేను వాడేది ఫైర్‌ఫాక్స్ రైట్ క్లిక్ మెనూలోని ‘కాపీ క్లీన్ లింక్’. 2023లో 120వ వెర్షన్‌తో వచ్చినప్పుడు దీని పేరు వేరుగా ఉండేది. బ్రేవ్ బ్రౌజర్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఇవి తమకు తెలిసిన తోకల్నే తీస్తాయి కాబట్టి పేస్ట్ చేశాక ఒకసారి కళ్లతో చూసుకుంటాను.

తోకలన్నీ ఒకటి కాదు. ‘యూటీఎం’తో మొదలయ్యేవి సాధారణంగా మీరు ఏ ప్రచారం ద్వారా వచ్చారో చెబుతాయి. ఆ పేరులోని ‘యూ’ అంటే అర్చిన్, 2005లో గూగుల్ కొనుక్కున్న సంస్థ. వాటితో నాకంత బాధ లేదు. ఫేస్‌బుక్ తగిలించే ‘ఎఫ్‌బీసీఎల్‌ఐడీ’, గూగుల్ ప్రకటనలకు ఉండే ‘జీసీఎల్‌ఐడీ’ మాత్రం ఒక్కో క్లిక్‌కి ఒక్కో గుర్తు. తప్పకుండా తీసేయాల్సినవి ఇవే.

ఇక దారి మళ్లించే లింకులు. ఇవే అసలు తలనొప్పి. పైకి వ్యాసం అడ్రసే కనిపిస్తుంది, మౌస్ బటన్ కిందికి నొక్కగానే స్క్రిప్టు దాన్ని మార్చేస్తుంది. మీ క్లిక్ ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్లి, లెక్కలో పడ్డాకే అసలు పేజీకి చేరుతుంది. కాపీ చేసి చూస్తే ఒక అడ్రస్ కడుపులో ఇంకో అడ్రస్ ఉంటుంది, కోలన్, స్లాష్‌లు ఉండాల్సిన చోట శాతం గుర్తులు, అంకెలు ఉంటాయి. ఈ రకానికి క్లియర్‌యూఆర్‌ఎల్స్ అనే యాడ్‌ఆన్ బాగా పనిచేస్తుంది, లోపలున్న అడ్రస్‌ని బయటికి తీసి నేరుగా అక్కడికే పంపుతుంది. కానీ అడ్రస్ లోపల లేకుండా వట్టి కోడ్ మాత్రమే ఉన్న పొట్టి లింకులు, మెయిళ్లలో వచ్చే లింకులు ఉంటాయి చూడండి, వాళ్ల సర్వర్‌ని అడగకుండా వాటిని ఏ యాడ్‌ఆనూ విప్పలేదు. ఆ కోడ్‌కి అర్థం వాళ్ల సర్వర్‌కే తెలుసు. అలాంటప్పుడు నేను ఆ శీర్షికను విడిగా వెతికి తెరుస్తాను. కొంచెం ఓపిక కావాలి, అంతే.

అడ్రస్‌లో అసలు కనిపించని ‘పింగ్’ కూడా ఒకటుంది. లింకు నొక్కగానే బ్రౌజర్ చాటుగా ఇంకో చోటికి కబురు పంపుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇది మామూలుగానే ఆపేసి ఉంటుంది. క్రోమ్‌లో అలా ఆపేసి ఉండదు, అక్కడ యాడ్‌ఆన్ మీదే ఆధారపడాలి.

ఒక్క పొరపాటు మాత్రం చేయకండి. మొదట్లో నేను ప్రశ్న గుర్తు తర్వాత ఉన్నదంతా తీసేసేలా సొంతంగా రూల్ రాసుకున్నాను. సాయంత్రానికల్లా వీడియోలు తెరుచుకోవడం మానేశాయి, ఎందుకంటే వీడియో నంబరు ఉండేది కూడా అక్కడే. ఆ తర్వాత ఒక పాస్‌వర్డ్ మార్చుకునే లింకు నొక్కితే ‘ఈ లింకు చెల్లదు’ అని వచ్చింది. మూడుసార్లు కొత్త లింకు తెప్పించుకుని టెన్షన్ పడ్డాక గానీ తప్పు నా రూల్‌దని తట్టలేదు. పాస్‌వర్డ్, చెల్లింపు, అన్‌సబ్‌స్క్రయిబ్ లింకులు మొరాయిస్తే ముందు ఆ సైటు వరకు యాడ్‌ఆన్ ఆపి, లింకుని మెయిల్‌లోంచి మళ్లీ నొక్కండి.