అమ్మాయి కతోలిక్, అబ్బాయి హిందువు: మతం మారకుండా చర్చిలో పెళ్లి ఎలా?

మీరు అడిగింది ఇది: ఎవరి మతంలో వాళ్లుంటామంటున్నారు, అబ్బాయికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేకుండా చర్చిలో పెళ్లి చేస్తారా, లేక ముందు అతన్ని ఒప్పించాలా?

చేస్తారు. ఒప్పించే పని పెట్టుకోకండి. ఆడపిల్ల తల్లిదండ్రులుగా మనం చేసే మొదటి పొరపాటే అది. పెద్దయ్యాక జ్ఞానస్నానం తీసుకునేవాళ్లకు ముందు జ్ఞానోపదేశం (మత బోధన) నెలల తరబడి నడుస్తుంది. ముహూర్తానికి వారం ముందు తల మీద నీళ్లు పోయించేస్తే అయిపోయేది కాదు. పైగా అబ్బాయి ఎస్సీ అయితే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకోగానే ఆ హోదా పోతుంది. మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి, అంటే 1 శాతం కోటాలోకి వస్తాడు. పెళ్లి కోసం ఆ నష్టం అతని నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

జ్ఞానస్నానం లేనివారితో పెళ్లికి చర్చి చట్టంలోని కానన్ (నియమం) 1086 అడ్డంకి చెబుతుంది. ఆ అడ్డంకిని బిషప్‌గారు తీసేయగలరు. డిస్పెన్సేషన్ అనేది అదే. అది చేతికి రాకుండా జరిపిన పెళ్లి చర్చి లెక్కలో చెల్లదు, ఫాదర్‌గారు మనకెంత కావలసినవారైనా సరే. దరఖాస్తు మీ విచారణ (పారిష్) గురువు ద్వారానే వెళ్లాలి. మూడు నాలుగు నెలల ముందే వెళ్లి కలవండి.

కాగితాల్లో ఎక్కువ తిప్పించేది అమ్మాయి జ్ఞానస్నాన పత్రం. లామినేషన్ చేయించి బీరువాలో దాచింది పనికిరాదు, సాధారణంగా ఆరు నెలల లోపు తీసింది అడుగుతారు. కారణం ఉంది: పెళ్లయితే ఆ సంగతి జ్ఞానస్నాన రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన రాస్తారు. కొత్త కాపీ అడిగేది ఆ చోటు ఖాళీగా ఉందో లేదో చూడటానికే. స్నానం అమ్మమ్మగారి ఊళ్లో అయుంటే ఆ విచారణకే వెళ్లాలి. అక్కడ రిజిస్టర్‌లో ‘మరియ కుమారి’, ఆధార్‌లో ‘లావణ్య’ ఉండటం మన ఇళ్లలో మామూలే. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి. అబ్బాయి వైపు నుంచి వయసు రుజువు, పెళ్లి కాలేదని అఫిడవిట్, అతన్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన ఇద్దరి సాక్ష్యం సాధారణంగా అడుగుతారు.

తర్వాత ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. ఎవరైనా బలవంతపెట్టారా, పిల్లలు వద్దనుకుంటున్నారా, ఇది జీవితాంతం అని ఒప్పుకుంటున్నారా? ఇక్కడ ‘కుదరకపోతే విడాకులున్నాయిగా’ అని అబ్బాయి సరదాకి అన్నా ఫైలు ఆగిపోతుంది. సమ్మతిలోనే లోపం ఉందని దాని అర్థం. ముందే చెప్పి పంపండి.

అన్నిటికన్నా గొడవయ్యేది పిల్లల విషయం. కానన్ 1125 కింద మాట ఇవ్వాల్సింది మీ అమ్మాయి ఒక్కతే: పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలిక్ విశ్వాసంలో పెంచడానికి తన శక్తి మేరకు అన్నీ చేస్తానని. అబ్బాయి ఆ మాట ఇవ్వనక్కర్లేదు. ఆమె అలా మాట ఇచ్చిందని అతనికి తెలియాలి, అంతే. చాలాచోట్ల తెలిసిందన్నందుకు అతని సంతకం తీసుకుంటారు. ఆ సంతకం చూసే అబ్బాయి తల్లిదండ్రులు ‘మనవలను రాయించేసుకున్నారు’ అని మండిపడతారు. కాబట్టి ఫారం వాళ్ల ఇంట్లోనే ఓసారి తెలుగులో చదివి వినిపించండి. అలాగని అది ఉత్తుత్తి మాట అని వాళ్లకు సర్దిచెప్పకండి. అది మీ అమ్మాయి మనస్సాక్షి మీద పడే మాట.

ఇక తాళి. మన చర్చిల్లో ఉంగరాలతో పాటు సిలువ ఉన్న తాళిబొట్టు కట్టించడం అలవాటే గనక ఆ ముచ్చట తీరుతుంది. దివ్యపూజ (మాస్) లేకుండా, బైబిల్ వాక్య పఠనంతోనే పెళ్లి జరిపే క్రమం ఒకటి ఇలాంటి జంటల కోసమే ఉంది. దివ్యసత్ప్రసాదం (పూజలో కతోలికులు స్వీకరించే అప్పం) అప్పుడు అబ్బాయి వైపు వాళ్లు ఇబ్బందిగా కూర్చోవాల్సిన పని ఉండదు. కానీ చర్చి పెళ్లికి ముందో తర్వాతో కళ్యాణ మండపంలో పురోహితుడితో రెండో తాళి కట్టించడం కానన్ 1127 ఒప్పుకోదు. రిసెప్షన్‌కి, విందుకి అభ్యంతరం లేదు. మండపం అడ్వాన్సు ఇచ్చాక కాదు, నిశ్చితార్థానికి ముందే ఇది తేల్చుకోండి. తేదీ దగ్గర ఇంకో తిరకాసు: మనం మూఢం చూడం, వాళ్లు తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు, మనం సాధారణంగా పెళ్లిళ్లు పెట్టుకోని కాలం) చూడరు. మాఘ, ఫాల్గుణాల్లో వాళ్లకు మంచి ముహూర్తాలున్నప్పుడే మనకు తరచూ తపస్సు కాలం పడుతుంది.

చట్టం సంగతి. ఒకరు క్రైస్తవులైనా చాలు, 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చి పెళ్లి చెల్లుతుంది. హిందూ దేవాలయంలో పెళ్లి చేసి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించడం మాత్రం చేయకండి. ఆ చట్టానికి ఇద్దరూ హిందువులై ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇలాంటి జంట కేసులోనే, రిజిస్ట్రేషన్ ఉన్నా ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ (మతంతో పనిలేని రిజిస్టర్ పెళ్లి చట్టం) దారి కూడా ఉంది: ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండి నోటీసు ఇవ్వాలి, మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మతం వేరన్న కారణంతో ఎవరూ అభ్యంతరం చెప్పడానికి లేదు. ఒక్కటి చాలామంది గమనించరు: ఈ చట్టం కింద పెళ్లయితే సెక్షన్ 19 ప్రకారం అబ్బాయి ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టే. వాళ్లకు ఉమ్మడి పొలాలుంటే ముందు లాయర్‌ని అడగండి.

ఇప్పటికే గుడిలో తాళి కట్టేసి ఉంటే అమ్మాయిని చర్చి వెలివేసినట్టు కాదు. సరిచేసుకునే దాకా దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదు, అంతే. డిస్పెన్సేషన్ వచ్చాక గురువు, ఇద్దరు సాక్షుల ముందు మళ్లీ సమ్మతి చెబితే సరిపోతుంది. అల్లుడు అందుకూ రానంటే, ఇద్దరి సమ్మతీ ఇంకా నిలిచి ఉంటే, మళ్లీ సమ్మతి చెప్పించకుండానే పెళ్లిని సరిచేసే అధికారం బిషప్‌గారికి ఉంది. ప్రభుత్వ రికార్డు కోసం మాత్రం స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ సెక్షన్ 15 కింద విడిగా రిజిస్టర్ చేయించుకోవాలి. దానికీ 30 రోజుల నోటీసు తప్పదు.