సీటు మ్యాప్‌లో ఖాళీ అంటే విమానంలో ఖాళీయేనా?

ప్రశ్న: మాది కావలి. వచ్చే వారం మా అమ్మను చెన్నై నుంచి ఢిల్లీకి విమానంలో తీసుకెళ్తున్నా. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పక్క సీటు ఖాళీగా ఉంటే బాగుండని ఆశ. సీటు మ్యాప్ సగం ఖాళీగానే కనిపిస్తోందండీ, నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. ఎవరు సీటు ఎంచుకున్నారో ఆ మ్యాప్ చెబుతుంది గానీ ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో చెప్పదు. సీటుకు విడిగా డబ్బు కట్టడం ఇష్టంలేక చాలామంది చెకిన్ దాకా ఆగుతారు, వాళ్ల చేతిలో టికెట్ ఉన్నా మ్యాప్‌లో ఖాళీయే కనిపిస్తుంది. కొన్ని సీట్లను ఎయిర్‌లైనే ఆపి ఉంచుతుంది, అవేమో నిండినట్టు కనిపిస్తాయి.

దీనికంటే మేలైన పని, అదే విమానానికి 9 మందికి టికెట్లు వెతకండి (ఒకేసారి వెతకగలిగేది సాధారణంగా అంతమందికే), కొనక్కర్లేదు. దొరక్కపోతే ఒక్కొక్కరినీ తగ్గిస్తూ రండి. 3 దగ్గర దొరికితే దాదాపు నిండినట్టే. 9 దొరికితే మాత్రం లోపల 9 ఉన్నాయో 90 ఉన్నాయో తెలియదు. ఒక్కరికి వెతికినప్పుడు చూపిన టికెట్ ధర నలుగురికి వెతికేసరికి మనిషికి ఇంత అని చూసినా పెరిగిందా, చవక టికెట్లు తగ్గాయని అర్థం, సీట్లు అయిపోయాయని కాదు.

కానీ అమ్మ కాళ్లను ఈ లెక్కలకు వదలొద్దు. నడవా పక్క సీటు ఇప్పుడే తీసుకోండి, వీల్‌చెయిర్ ముందే చెప్పండి. ఎమర్జెన్సీ తలుపు వరసలో కాళ్లకు చోటెక్కువే గానీ, నడవడానికి ఇబ్బందిపడే వాళ్లకు అది ఇవ్వరు. ఆ రోజు కౌంటర్‌లో "పక్కన ఖాళీ ఉన్న వరస ఏదైనా ఉందా?" అని అడగండి, అసలు లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.