ఇంటర్‌లో 962, బీటెక్‌లో రెండు సప్లీలు: బాబును కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా బాబుకు ఇంటర్‌లో 962 మార్కులు వచ్చాయి. హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సీఎస్‌ఈ ఫస్టియర్. మొదటి సెమ్‌లో మ్యాథ్స్, బేసిక్ ఎలక్ట్రికల్ పోయాయి. రాత్రి మూడింటి దాకా మేలుకునే ఉంటాడు. ఆరు నెలల ఆన్‌లైన్ ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ మొత్తం తయారుచేసే కోడింగ్), ఏఐ కోర్సులో చేర్పించాలా? స్టడీ అవర్స్ పెట్టే హాస్టల్‌కు మార్చాలా? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, రెండింట్లో ఏది అని అడిగారు గానీ మీ అసలు భయం ‘వాడు చెడిపోయాడేమో’ అని. చెడిపోలేదు. ఇంటర్ రెండేళ్లూ తెల్లారకముందే లేపింది వార్డెన్. ఏ రోజు ఏ చాప్టరో చెప్పింది కాలేజీ. వీకెండ్ టెస్టులో మార్కు తగ్గితే మీకు మెసేజ్ పెట్టిందీ వాళ్లే. తనంతట తాను పుస్తకం తెరవాల్సిన అవసరం బాబుకు ఎప్పుడు వచ్చింది గనక? ఇలా మొదటి సెమ్‌లో తడబడ్డవాళ్లు ఏటా నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఎక్కువమంది సెకండియర్‌కల్లా గాడిలో పడతారు. హాస్టల్ మారిస్తే ఇంకో వార్డెన్‌కు అప్పగించడమే అవుతుంది.

కోర్సు సంగతికొస్తే, ఫస్టియర్‌లో దాని మీద నాకు నమ్మకం లేదు. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని పెద్దక్షరాలతో వేస్తారు, షరతులు కింద చిన్నక్షరాల్లో ఉంటాయి. ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచే మొదలు. వీడియో చూస్తూ వాళ్లు కొట్టిన కోడే మళ్లీ కొడితే ప్రాజెక్టు తయారవుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. ఆ వీడియో ఆపేసి సీ లాంగ్వేజ్‌లో చిన్న లూప్ రాయమంటే చేయి ఆగిపోయే పిల్లలు నాకు బాగా తెలుసు. పైగా ఏఐ అంటున్నారే, దాని పునాది బాబు ఫెయిలైన మ్యాథ్స్ పేపర్లోనే ఉంది: మ్యాట్రిక్స్‌లు, ఐగెన్ వాల్యూస్. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావరకు ముందు బ్యాక్‌లాగ్స్ (పాసవ్వకుండా మిగిలిన సబ్జెక్టులు) ఉన్నాయా అనే చూస్తాయి. థర్డియర్‌లో, సబ్జెక్టులన్నీ క్లియరయ్యాక, తనే అడిగితే అప్పుడు ఆలోచిద్దాం.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. రోజూ రాత్రి ఫోన్ చేసి ‘ఏం చదివావ్’ అంటే ‘చదివా’ అనే జవాబు తప్ప ఇంకేం వస్తుంది? పక్కింటి అమ్మాయి సీజీపీఏ కూడా ఆ ఫోన్‌లోనే చెబుతుంటే వాడు పుస్తకం తీయడు, ఫోన్ తీయడం మానేస్తాడు. వాడి టైమును రెండేళ్లపాటు డబ్బు కట్టి ఇంకొకరి చేతిలో పెట్టింది మీరే. ఇప్పుడు తిరిగి వాడి చేతికిచ్చి కొన్నాళ్లు ఓపిక పట్టాల్సిందీ మీరే.

ఇక చదువు. సెమిస్టర్ చివర రాసే ఎక్స్‌టర్నల్‌కు 60 మార్కులైతే మిగతా 40 కాలేజీలోనే పెట్టే ఇంటర్నల్స్‌వి. అవి సెమిస్టర్ పొడవునా వస్తాయి. పరీక్ష ముందు రోజు రాత్రి జెరాక్స్ నోట్సు తిరగేస్తే అప్పటికి అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో దీన్ని పరీక్షించి చూశారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు.

కాబట్టి బాబుకు ఒక్క పని చెప్పండి. సాయంత్రం టీ తాగాక నోట్సు మూసేసి, ఆరోజు క్లాసులో విన్నది తెల్లకాగితం మీద రాయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ మాత్రమే నోట్సు తెరవాలి. మ్యాథ్స్ అయితే సొల్యూషన్ మీద పుస్తకం పెట్టి కప్పేసి, లెక్క మొదటి లైను నుంచి తనే చేయాలి. అదే లెక్క మూడు రోజులాగి మళ్లీ చేయాలి. మొదట్లో సగం పేజీ కూడా నిండదు, నిండకపోయినా పర్వాలేదు. ఫోన్ ఆ కాసేపు రూమ్మేట్ దగ్గర ఉండనివ్వమనండి. అర్ధరాత్రికల్లా పడుకోవాలి. నిద్ర చాలని పిల్లాడు ఉదయం మొదటి పీరియడ్ ఎగ్గొడతాడు, హాజరు 75 శాతం కన్నా తగ్గితే అది వేరే తలనొప్పి.

సప్లీ నోటిఫికేషన్ రాగానే రెండు పేపర్లకూ ఫీజు కట్టించండి. ముందు మ్యాథ్స్ మొదలుపెట్టమనండి. ఈ పేపర్లో ఉన్న క్యాలికులస్ సెకండ్ సెమ్ మ్యాథ్స్‌లోనూ అవసరం పడుతుంది.