ముందు ఎక్కడ కలుసుకోవాలి?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఉగ్రవాద దాడి జరిగిన వెంటనే పోలీసులు, 108, ఫైర్, ఆస్పత్రులు ఒకరితో ఒకరు ఎలా కలిసి పనిచేస్తారన్న దాని మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, మా కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. 40 మందికి పైగా పోయారు. అలాంటి రోజున పోలీసు బండి, అంబులెన్సు, ఫైరింజను అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి కదా. ఎవరి మాట ఎవరు వినాలి? పెద్ద ఎవరు? – బట్టల దుకాణం యజమాని, కోఠి

చోటు పోలీసులది. లోపలికి ఎవరు వెళ్లాలి, ఎంతవరకు వెళ్లొచ్చు, ఏ దారిన బయటికి రావాలి అన్నది వాళ్లే తేలుస్తారు. అంతమాత్రాన ఏ గాయపడ్డ మనిషిని ముందు ఎక్కించాలో ఇన్‌స్పెక్టర్ చెప్పడు, అది 108 ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే మనిషి) పని. గ్యాస్ లీకయితే ఏం చేయాలో ఫైర్ ఆఫీసరు చూసుకుంటాడు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ పద్ధతి ఇదే: ఘటనకు కమాండర్ ఒక్కరే, ఆయన కింద ఎవరి విభాగం పని వాళ్లది.

అసలు చిక్కు మొదటి పది నిమిషాల్లో వస్తుంది. ముందుగా చేరిన పెట్రోలింగ్ బండిలో ఇద్దరు ఉన్నారనుకుందాం. నేల మీద మనుషులు అరుస్తుంటే ఇద్దరూ బండి దిగి పరిగెత్తాలనే అనిపిస్తుంది. పరిగెత్తితే కంట్రోల్ రూముకు కళ్లు పోయినట్టే. ఒకరు బండి దగ్గరే నిలబడి వైర్‌లెస్‌లో మాట్లాడాలి. చూసేవాళ్లకు రాతిగుండెలా కనిపిస్తుంది గానీ, ఆ ఒక్క మనిషి నోటి వెంట వచ్చే మాటల మీదే వెనక వచ్చే యాభై బండ్ల దారి ఆధారపడి ఉంటుంది.

ఆ మాటలకు ఒక వరస ఉంది. ఇది పెద్ద ఘటన అని ముందే చెప్పేయాలి. తర్వాత సరిగ్గా ఎక్కడ, ఏ రకం ఘటన, ఇంకా ఏ ప్రమాదాలు ఉన్నాయి, ఏ దారిన రావాలి, సుమారుగా ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరు వచ్చారు, ఇంకా ఎవరు కావాలి. ఉదాహరణకు: "పెద్ద ఘటన. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వెళ్లే వైపు బస్టాపు. పేలుడు. పక్క హోటల్లో గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి, అనుమానపు బ్యాగు ఒకటి ఉంది. చైతన్యపురి వైపు నుంచి రండి, మూసారాంబాగ్ వైపు జామ్. పడిపోయినవాళ్లు ముప్పై దాకా. మేమొక్క బండే ఉన్నాం. అంబులెన్సులు, ఫైర్, బాంబ్ స్క్వాడ్ కావాలి." ముప్పై సెకన్లు పట్టదు. లెక్క తప్పినా పరవాలేదు, తర్వాత దిద్దుకోవచ్చు. దారి మాత్రం తప్పకూడదు. ఎదురెదురుగా వచ్చిన రెండు అంబులెన్సులు ఒక ఇరుకు సందులో ఇరుక్కుంటే ఆ సందు ఇక పనికిరాదు. ఈ వాక్యాల్లో కోడ్ నంబర్లు కూడా ఉండకూడదు. పోలీసు కోడ్ 108 వాళ్లకు తెలియదు, వాళ్ల కోడ్ ఫైర్ వాళ్లకు తెలియదు.

ఆ తర్వాత కలుసుకునే చోటు. మూడు శాఖల్లో అక్కడున్న సీనియర్లు ముగ్గురూ చేతికందేంత దూరంలో నిలబడాలి. ఎవరి బండి దగ్గర వాళ్లుండి ఫోన్లు చేసుకుంటే సమన్వయం అక్కడే చచ్చిపోతుంది. నిలబడ్డాక తేల్చుకోవలసినవి మూడు: మనకు తెలిసింది ఏమిటి, ఇంకా ఏ ముప్పు ఉంది, వచ్చే పది నిమిషాల్లో ఎవరు ఏం చేస్తారు. పావుగంటకోసారి మళ్లీ అవే మూడు.

ఇది జరగకపోతే ఏమవుతుందో 2017 మే 22న ఇంగ్లండులోని మాంచెస్టర్ అరీనా అనే కచేరీ వేదిక దగ్గర జరిగిన బాంబు దాడి చూపించింది. 22 మంది చనిపోయారు. పేలుడు విన్న ఫైర్ స్టేషన్ అర మైలు దూరంలోనే ఉంది, అయినా ఫైర్ సిబ్బంది చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. మొదటి నలభై నిమిషాల్లో పేలుడు జరిగిన హాల్లోకి వచ్చిన పారామెడిక్ (అంబులెన్సు వైద్య సిబ్బంది) ఒక్కరే. పోలీసు డ్యూటీ అధికారి మీద పని కొండలా పడింది. తుపాకీ దాడి అనుకుని ఆయన ప్రకటించిన ప్లాను సంగతి మిగతా రెండు శాఖలకు అందనే లేదు. వాళ్లకు మనుషుల కొరత లేదు, బండ్ల కొరత లేదు. ఒకచోట కలుసుకోలేదు, అంతే.

ప్రశ్న: 2013లో మా దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు జరిగినప్పుడు చుట్టుపక్కల కుర్రాళ్లే ముందు సాయానికి వెళ్లారు. మీరేమో దగ్గరికి పోవద్దంటారు. పడి ఉన్నవాళ్లను చూస్తూ ఊరుకోవాలా? – డిగ్రీ విద్యార్థి

ఊరుకోమని ఎవరూ అనరు బాబూ. కానీ 2013 ఫిబ్రవరి 21న ఏం జరిగిందో గుర్తు చేసుకో. సైకిళ్లకు పెట్టిన బాంబులు రెండు, వాటి మధ్య దూరం వంద మీటర్లు, ఒకదాని వెంటే ఇంకొకటి పేలింది. 2007లో కూడా పేలని బాంబు ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లోనే దొరికింది. మొదటిదాన్ని చూసి పోగయిన జనమే రెండో బాంబుకు గురి.

అందుకని వెళ్లేవాళ్లు నలుగురైదుగురే వెళ్లాలి, మిగతావాళ్లు జనాన్ని వెనక్కి తోయాలి. లేవగలిగినవాళ్లను ముందు నడిపించి తీసుకురండి. వదిలేసిన బ్యాగు, టిఫిన్ డబ్బా, ఎవరిదో తెలియని బండి పక్కన గుమిగూడొద్దు. సెల్‌ఫోన్ వీడియో వద్దు.

నెత్తురు చిమ్ముతున్నవాళ్ల దగ్గర ఆగండి, ఎందుకంటే అంబులెన్సు వచ్చేలోగా పోయే ప్రాణం అదే. గాయం మీద గుడ్డ మడతపెట్టి రెండు చేతులతో, మీ ఒంటి బరువంతా వేసి నొక్కండి. నిమిషానికోసారి ఎత్తి చూడొద్దు. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టండి. చెయ్యో కాలో నలిగి నెత్తురు ఆగకపోతే గాయానికి పైన నాలుగు వేళ్ల మందం వదిలి చున్నీ కట్టండి, ముడిలో గట్టి కర్రో స్పానరో దూర్చి నెత్తురు ఆగేదాకా మెలి తిప్పండి. కీలు మీద కట్టకూడదు. సన్నతాడు, వైరు కట్టకూడదు, కండ కోసుకుపోతుంది. నడుం బెల్టును చేత్తో బిగిస్తే సరిపోదు, నెత్తురు ఆగినట్టే ఉండి మళ్లీ మొదలవుతుంది. కట్టిన టైము ఆ మనిషి చేతి మీద పెన్నుతో రాయండి. కట్టాక విప్పేది డాక్టరే. గుచ్చుకున్న మేకును, గాజుముక్కను పీకొద్దు.

ప్రశ్న: రంగు చీటీలు కట్టి మనుషులను వేరు చేస్తారట. దెబ్బలతో అల్లాడుతుంటే చీటీలు కట్టుకుంటూ కూర్చుంటారా? – నర్సింగ్ విద్యార్థిని, వనస్థలిపురం

ఒక్కో మనిషికి పట్టేది ముప్పై సెకన్లు, మహా అయితే నిమిషం, అంతేనమ్మా. నువ్వు నర్సువి కాబోతున్నావు కాబట్టి వరసగా చెబుతాం. ఎరుపు వాళ్లు ముందు వెళ్లాలి, పసుపు తర్వాత, ఆకుపచ్చ చివర. ఊపిరి రానివాళ్లకు నలుపు.

ముందు గట్టిగా "నడవగలిగినవాళ్లు ఇటు రండి" అని పిలవాలి. వచ్చినవాళ్లంతా ఆకుపచ్చ. మిగిలినవాళ్లలో దగ్గరున్న మనిషి నుంచి మొదలుపెట్టాలి. ఊపిరి లేదా? గడ్డం పైకెత్తి దారి తెరువు. అప్పటికీ రాకపోతే నల్ల చీటీ, వస్తే ఎర్ర చీటీ. ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోతే ఎరుపు. చీకట్లో గోరు కనపడదు, అప్పుడు మణికట్టు దగ్గర నాడి చూడు, అందకపోతే ఎరుపే. "చెయ్యి పిడికిలి బిగించు" అంటే బిగించలేకపోతే ఎరుపు. ఇవన్నీ సరిగ్గా ఉండి నడవలేనివాళ్లు పసుపు. ఈ దశలో చేసే వైద్యం రెండే: ఊపిరి దారి తెరవడం, నెత్తురు ఆపడం. ఒకరి దగ్గర కూర్చుండిపోతే పక్కన ముగ్గురు పోతారు.

బాంబు పేలిన చోట ఈ పద్ధతి ఒక దగ్గర తప్పుతుంది. పేలుడు ఒత్తిడికి ఒంట్లో అన్నిటికంటే ముందు దెబ్బతినేది చెవి పొర. నువ్వు పిలిచినా వాళ్లకు వినపడదు. పిడికిలి బిగించలేదంటే స్పృహ లేదనుకుని ఎర్ర చీటీ కట్టేస్తారు. నీ పిడికిలి వాళ్ల కళ్లముందు బిగించి చూపించు, చేత్తో సైగ చెయ్యి. చీటీ మణికట్టుకు కట్టాలి. చొక్కాకు కడితే ఆస్పత్రిలో చొక్కా కత్తిరించేటప్పుడు దానితోపాటే పోతుంది.

నల్ల చీటీ కట్టడం అన్నిటికంటే కష్టమైన పని. గుండె చిక్కబట్టుకుని కట్టాలి. ఎర్ర చీటీల వాళ్లంతా వెళ్లాక మళ్లీ వచ్చి చూడాలి.

ప్రశ్న: దగ్గర్లో ఉందని అందరినీ ఉస్మానియాకే తరలిస్తే ఆస్పత్రి తట్టుకోగలదా? – అత్తాపూర్

తట్టుకోలేదు, ఏ ఆస్పత్రీ తట్టుకోలేదు. పైగా అంబులెన్సుల కంటే ముందు ఆటోలు చేరుకుంటాయి. వాటిలో వచ్చేవాళ్లు చాలావరకు చిన్న దెబ్బలవాళ్లు. క్యాజువాల్టీ మంచాలన్నీ నిండాక అసలు ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు వస్తారు. అందుకే ఆస్పత్రి గేటు బయటే డాక్టరు ఒకరు నిలబడి మళ్లీ రంగులు చూడాలి, ఆకుపచ్చ వాళ్లను ఓపీ హాలుకు పంపాలి.

పంపే దగ్గర, అంబులెన్సులు ఎక్కించుకునే చోట, పుస్తకం పట్టుకున్న మనిషి ఒకరుండాలి. చీటీ నంబరు, బండి నంబరు, ఏ ఆస్పత్రి, ఎన్నింటికి. మొదటి విడతలో ఒక్కో ఆస్పత్రికి ఎర్ర చీటీలు రెండో మూడో. ఉస్మానియాకు కొన్ని, గాంధీకి కొన్ని, నిమ్స్‌కు కొన్ని, దారిలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రులకు కొన్ని. బండ్లు లోపలికి ఒక దారిన, బయటికి ఇంకో దారిన. ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా నిలపాలి. పైలట్ (అంబులెన్సు డ్రైవరు) సీటు దిగకూడదు. సాయం చేద్దామని తాళం జేబులో వేసుకుని దిగిన పైలట్ వల్ల వెనకున్న బండ్లన్నీ ఆగిపోతాయి.

ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం ఆస్పత్రి రాసే కాగితం) రాసుకున్నాకే వైద్యం అనే హక్కు ఎవరికీ లేదు. ముందు వైద్యం, కాగితం తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. పైకి దెబ్బ కనపడకున్నా పేలుడుకు దగ్గరగా ఉన్నవాళ్లను కొన్ని గంటలు కనిపెట్టి చూడాలి. ఊపిరితిత్తుల దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. సర్జన్లకు ఇంకో మాట: ఒంట్లోంచి తీసిన మేకు, బేరింగ్ గుండు సాక్ష్యం. పేరు, నంబరు రాసిన డబ్బాలో వేసి పోలీసులకు అప్పగించాలి. బట్టలు చిరుగుల మీదుగా కత్తిరించొద్దు, ఆరాక కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు బూజు పడుతుంది.

ఆస్పత్రికి కాపలా కూడా ఈ పనిలో భాగమే. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో నగరంలో పేలుళ్లు జరిగాక, క్షతగాత్రులు, బంధువులు చేరుతున్న సివిల్ ఆస్పత్రి దగ్గరే మళ్లీ బాంబులు పేలాయి. గేటు దగ్గర బండ్లు ఆగనివ్వకూడదు.

ప్రశ్న: బాంబు పేలితే ఫైరింజను దేనికి? – మెహిదీపట్నం

మంట లేకపోయినా కావాలి. విరిగిన శ్లాబు కింది నుంచి మనుషులను తీయడానికి, హోటళ్లలోని 19 కిలోల సిలిండర్లు చల్లబరిచి బయటికి లాగడానికి, రాత్రిపూట లైట్లకు. తెగిపడ్డ కరెంటు తీగ ఉంటే ముందు ఆ లైను ఆపించాలి. లైన్‌మన్‌ను పిలవడం తరచూ మరిచిపోయే పని.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఒక మాల్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ను. వదిలేసిన బ్యాగు కనిపిస్తే మావాళ్లు చుట్టూ నిలబడి వాకీటాకీలో పిలుస్తారు. సరైనదేనా?

రెండూ తప్పే. ముట్టుకోవద్దు, నీళ్లు పోయొద్దు, బ్యాగుకు 15 మీటర్ల లోపు ఫోను, వాకీటాకీ వాడొద్దు. దూరం వెళ్లి 112కో 100కో చెప్పండి. చిన్న సంచికి కనీసం 100 మీటర్లు, కారుకు 200, లారీకి 400 మీటర్లు ఖాళీ చేయించడం బ్రిటన్‌లో వాడుకలో ఉన్న లెక్క. ఇంకా దూరంగా పంపగలిగితే మరీ మంచిది. అద్దాల గోడల ఎదురుగా జనాన్ని నిలబెట్టొద్దు, ఎగిరే గాజు చాలామందిని గాయపరుస్తుంది. పార్కింగ్‌లోకి పంపొద్దు. చూసిన గార్డును పంపేయకుండా బయట ఉంచండి, బాంబ్ స్క్వాడ్ మొదట అడిగేది అతన్నే: రంగేమిటి, ఎంత సైజు, ఎప్పటి నుంచి ఉంది, ఎవరైనా కదిలించారా.

బేస్‌మెంట్లలో వైర్‌లెస్ అందదు. 2005 జులై 7న లండన్ భూగర్భ రైళ్లలో జరిగింది అదే. మీ బేస్‌మెంటులో ఏ మూల సిగ్నల్ పోతుందో ముందే నడిచి చూసి ప్లాను మీద గుర్తు పెట్టుకోండి. అక్కడికి కబురు మోసే మనిషిని పెట్టండి. కబురు నోటితో పంపకుండా చీటీ మీద రాసి పంపండి.

ప్రశ్న: తుపాకులతో దాడి జరిగితే? – తార్నాక

అప్పుడు వరస మారుతుంది. గాయపడ్డవాళ్ల కంటే ముందు కాల్చేవాణ్ని ఆపాలి. అందుకు మనకు ఆక్టోపస్ అనే ఉగ్రవాద నిరోధక పోలీసు దళం ఉంది. 2008 ముంబై దాడి తర్వాత 2009లో హైదరాబాద్‌లోనూ ఎన్‌ఎస్‌జీ (కేంద్ర కమాండో దళం) కేంద్రం పెట్టారు. వాళ్లు చేరేదాకా ఆపవలసింది స్థానిక పోలీసులే. ప్రమాదం పూర్తిగా పోయేదాకా 108ని బయటే ఆపితే లోపల నెత్తురు కారి మనుషులు పోతారు. అందుకే ఒక గది, ఒక అంతస్తు పోలీసుల చేతికి రాగానే వాళ్ల కాపలాతో ఈఎంటీలను అక్కడిదాకా తీసుకెళ్లి, మనుషులను బయటికి మోసుకొచ్చేయాలి. ఇది ముందే కలిసి సాధన చేయకపోతే ఆ రోజు కుదరదు.

లోపల చిక్కుకున్నవాళ్లు వీలైతే పారిపోవాలి. వీలుకాకపోతే తలుపు మూసి, దానికి బరువు అడ్డం పెట్టి, ఫోను సైలెంటులో పెట్టాలి. పోలీసులు వచ్చినప్పుడు చేతులు ఖాళీగా కనపడాలి. ముంబై దాడిలో టీవీ లైవ్ చూస్తూ సూత్రధారులు అవతలి నుంచి దాడి చేసేవాళ్లకు సూచనలు ఇచ్చారు. అందుకే 2015 నుంచి ఆపరేషన్ ముగిసేదాకా చానళ్లు లైవ్ ఇవ్వకూడదని నిబంధన ఉంది, అధికారి చెప్పింది మాత్రమే ఇవ్వాలి. మీ బాల్కనీ నుంచి తీసే వీడియో కూడా అంతే చేటు చేస్తుంది.

ప్రశ్న: మా కాలనీలో మాక్ డ్రిల్ చేశారు. చక్కగా జరిగింది. నిజంగా అలా జరుగుతుందా? – ఎల్‌బీనగర్

చక్కగా జరిగిన డ్రిల్‌లో నేర్చుకున్నది తక్కువ. ముందే చెప్పి, ఆదివారం పొద్దున, ఖాళీ రోడ్డు మీద చేస్తే ఎవరైనా పది నిమిషాల్లో వస్తారు. 2007లోనూ 2013లోనూ పేలుళ్లు జరిగింది సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల ప్రాంతంలో, రద్దీ వేళ. ఈసారి ఆ టైముకే చేయమని అడగండి. మొదట వచ్చిన ఎస్సైని మధ్యలో పక్కకు పిలిచి "మీకు దెబ్బ తగిలింది, ఇక మాట్లాడకూడదు" అనండి, తర్వాతి మనిషి బాధ్యత ఎత్తుకుంటాడో లేదో చూడండి. ఒక వైర్‌లెస్ సెట్ బ్యాటరీ తీసేయండి. చివర్లో ఆస్పత్రి జాబితా, ఎక్కించినచోటి పుస్తకం పక్కపక్కన పెట్టి చీటీ నంబర్లు సరిచూడండి. తేడా వచ్చిన ప్రతి నంబరూ ఆ రాత్రి ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సి వచ్చే ఒక కుటుంబం.