ఊరి గ్రూపు చూసుకుంటూ ఇంటికి దూరమవుతున్నాను

ప్రశ్న: మాది ఉద్దానంలో ఒక పల్లె. శ్రీకాకుళంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. హైదరాబాద్, చెన్నైలలో, గల్ఫ్‌లో ఉన్న మా ఊరివాళ్లు అల్లాడిపోతుంటే వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఇప్పుడు అందులో తొమ్మిది వందల మంది ఉన్నారు. శుభోదయం బొమ్మలు, జీడిపిక్కల ధరలు, రాజకీయాలు, అమ్మవారి సంబరాల లెక్కల మీద తగాదాలు... రోజుకు వందల మెసేజీలు. చదవకపోతే ఏ చావు కబురో తప్పిపోతుందని భయం. ఎవరైనా తప్పుడు వార్త పెడితే అడ్మిన్‌నని కేసు నా మీదికి వస్తుందని ఇంకో భయం. రాత్రి ఒంటిగంటయినా ఫోను చేతిలోనే ఉంటుంది. నా భార్య మాట్లాడటం తగ్గించింది. గ్రూపులోంచి వచ్చేస్తే ఊరు ఏమనుకుంటుంది?
– ఒక సోదరుడు

జవాబు: గ్రూపు గురించి ఇంత రాసి, మీ భార్య గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆమె పోట్లాడటం లేదు, మాట్లాడటం తగ్గించింది. చెప్పి చెప్పి విసిగిపోయినవాళ్లు చేసే పని అది. కంచం పక్కన ఫోను పెట్టుకుని, ముద్దకోసారి తెర మీదికి చూసే మనిషితో ఎవరైనా ఎంతకని మాట్లాడతారు? ఈ రాత్రి నుంచే భోజనాల వేళ ఫోను వేరే గదిలో పెట్టండి. దానికి ముందు ఉపన్యాసం, ప్రమాణాలు వద్దు. మొదటి రెండు మూడు రోజులు ఆమె నమ్మకపోవచ్చు, నొచ్చుకోకండి.

ఇక మీ భయాలు. మన వైపు చావు కబురు గ్రూపులో పెట్టి ఊరుకోరు. దగ్గరివాళ్లకు అర్ధరాత్రయినా ఫోను చేస్తారు, ఎత్తకపోతే పక్కింటివాళ్లకు చేస్తారు. దండ వేసిన ఫొటో గ్రూపులోకి వచ్చేది ఆ తర్వాతే. మీకు గ్రూపు ద్వారా మాత్రమే తెలిసే కబురైతే, తెల్లారి చూసినా పరామర్శకు ఆలస్యం కాదు. కాబట్టి ‘రాత్రి తొమ్మిది దాటాక గ్రూపు చూడను, అవసరమైతే ఫోను చేయండి’ అని ఒక్క మెసేజీ పెట్టండి. నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎంత కొద్దిమందో మీకే తెలుస్తుంది.

కేసు భయం కూడా కొంత తగ్గించుకోవచ్చు. సభ్యుడు పెట్టినదాంట్లో అడ్మిన్‌కు భాగం లేనప్పుడు, అడ్మిన్ అయినంత మాత్రాన అతన్ని బాధ్యుణ్ని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అవి మన రాష్ట్ర హైకోర్టు తీర్పులు కావు, అందుకని పూర్తిగా చేతులు దులుపుకోమనను. అడ్మిన్‌కు ఇతరుల మెసేజీలు తొలగించే వీలుంది. కంటపడిన తప్పుడు వార్తను తీసేయండి. కంటపడనిదాని కోసం తెల్లవార్లూ కాపలా కాయనక్కర్లేదు.

మీరు గ్రూపు పెట్టిననాడు అందులో 256 మందికి మించి పట్టేవారు కాదు. 2022లో ఆ పరిమితి 1024కు పెరిగింది. మనుషులు నాలుగింతలు పట్టే చోటయింది, చూసుకునేది మాత్రం ఇంకా మీరొక్కరే. అసలు చిక్కు ఇక్కడుంది. అడ్మిన్లు మాత్రమే మెసేజీ పెట్టగలిగే ఇంకో గ్రూపు తెరవండి. చావులు, తుపాను హెచ్చరికలు, కరెంటు, మంచినీళ్ల కబుర్లు, ఎవరికైనా రక్తం కావలసి వస్తే ఆ సంగతి... ఇవే అందులోకి రావాలి. ఊళ్లో ఉండే ఒకరిని, హైదరాబాద్‌లో ఒకరిని, గల్ఫ్‌లో ఒకరిని అడ్మిన్లుగా చేయండి. చదువుకున్న ఒక ఆడపిల్లను కూడా పెట్టండి. తగాదాల్లో వాడే భాష అక్కడికక్కడే సగం సర్దుకుంటుంది.

పాత గ్రూపును మూసేయకండి. 80 కిలోల జీడిపిక్కల బస్తా ధర ఎంతుందో తెలుసుకోవడానికి కొందరు రైతులకు అదే ఆధారం కావచ్చు. మీ ఫోనులో మాత్రం దాన్ని ఆర్కైవ్‌లోకి నెట్టండి. మీ పేరు పెట్టి పిలిస్తేనో, మీ మెసేజీకి జవాబిస్తేనో తప్ప అది మోగదు. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా సెట్టింగ్ మార్చండి. రోజుకు రెండుసార్లు, ఓ పావుగంట చూడండి చాలు. మొదటి మెసేజీ నుంచి చివరిదాకా చదువుతానని మీరు ఎవరితోనూ పందెం కట్టలేదు. సంబరాల లెక్కల తగాదా మొదలైతే మధ్యలో దూరకండి. అది రామమందిరం అరుగు మీద, పుస్తకం ముందు పెట్టుకుని తేల్చుకోవలసిన విషయం.

ఇంకో మాట, కొంచెం కటువుగానే. అంతమంది ప్రతిదానికీ మిమ్మల్నే అడగటం మీకు బాధే కాదు, ఇష్టం కూడా. అందులో తప్పేమీ లేదు. తుపానులో మీరు చేసింది చిన్న పని కాదు. కానీ బాధ్యత పంచాక చెయ్యి ఖాళీ అయినట్టు అనిపిస్తుంది, తెలిసుండండి. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే, ఫోను దగ్గర లేకపోతే గుండె దడగా ఉంటే 14416కు ఫోను చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను సేవ, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఊరు ఏమనుకుంటుందని అడిగారు. ‘పెద్దవాడైపోయాడు, పట్టించుకోవడం మానేశాడు’ అని కొందరు అంటారు. ఓ పది రోజులు అంటారు. ఈలోగా సంబరాల లెక్కలు మళ్లీ పైకొస్తాయి, అందరూ అటు తిరుగుతారు.