ముందు ఆమెను బతకనివ్వు

చెల్లెమ్మా,

పాతకాలపు కొరియా రాణి నోగుక్ మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. భాష బాగుంది, కానీ మొదటి పేజీలోనే ఆమెను చంపేశావు. 1365లో కాన్పు కష్టమై ఆమె పోవడం, ఆమె మొగుడు గోంగ్‌మిన్ రాజు తన చేత్తోనే ఆమె బొమ్మ గీసుకుని దాని ముందు కూర్చుని ఏడవడం, అదంతా నిజమే, కే డ్రామాలు చూసేవాళ్లకు ఇట్టే పట్టేస్తుంది కూడా. కానీ అది రాజు కథ. రాణిది ఎక్కడ?

నోగుక్ అనేది బిరుదు. అసలు పేరు బుడషిరి, మన చెవికి బుద్ధశ్రీ అనే వినిపిస్తుంది. చైనాను ఏలుతున్న మంగోలుల ఇంటి పిల్ల. 1349లో పెళ్లి, 1351లో గోంగ్‌మిన్ గోర్యోకి, అంటే అప్పటి కొరియాకి, రాజయ్యాడు. మరుసటి ఏడే మంగోలు జడలూ బట్టలూ వదిలేశాడు, 1356లో కీ చొల్‌ను చంపించాడు, ఉత్తరాన మంగోలుల చేతిలో ఉన్న నేలను లాక్కున్నాడు. ఈ కీ చొల్ ఎవరనుకున్నావ్, మంగోలు చక్రవర్తి భార్యకు స్వయానా అన్న, ఆవిడేమో గోర్యోలో పుట్టిన పిల్ల! అక్కడి ఆడపిల్ల ఇక్కడ, ఇక్కడి ఆడపిల్ల అక్కడ. ఇంత మంచి సరుకు వదిలేసి నువ్వు రాణి చేత దేశభక్తి మీద పేజీన్నర డైలాగ్ చెప్పించావు. తీసెయ్.

దాని బదులు 1363లో హుంగ్‌వాంగ్ గుడిలో జరిగింది పట్టుకో. రాజు నమ్మిన కిమ్ యోంగే అతన్ని చంపడానికి మనుషుల్ని పంపాడు. రాజు పోలికలున్న ఒక సేవకుడు రాజు పడక మీద పడుకుని ఆయన బదులు చచ్చిపోయాడు, ఇంకొకతను రాజును వీపున మోసుకెళ్లి రాజమాత గదిలో దాచాడు, ఆ గుమ్మానికి అడ్డంగా నోగుక్ కూర్చుంది. అంతే, కూర్చుంది. మంగోలు ఆడపడుచు మీద కత్తెత్తడానికి వాళ్లు జంకి ఉంటారని నా ఊహ, మొగుడు కాదనుకున్న ఆ పుట్టిల్లే ఆ పూట అతన్ని కాపాడిందేమో. అక్కడ ఆమెకు ఒక్క మాట కూడా ఇవ్వకు.

అంతకు ముందు, 1361 చలికాలంలో, ఎర్ర తలపాగాల తిరుగుబాటు సైన్యం రాజధాని మీద పడితే రాజూ రాణీ ఇద్దరూ ఆందోంగ్ అనే ఊరికి పారిపోయారు. దారిలో వాగు అడ్డొస్తే ఆడవాళ్లు వరసగా వంగి నిలబడ్డారని, వాళ్ల వీపుల మీదుగా రాణి నడిచిందని చెప్పుకుంటారు. నిజమో కథో గానీ, ఆందోంగ్ ఆడవాళ్లు ఇప్పటికీ ఆ ఆట ఆడతారు, నోత్‌దారి బాప్గి అని. ఆ వీపుల్లో ఒకదాని చేత కథ చెప్పించి చూడు. రాణి ఎంత బరువుంది, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, పక్క మనిషి ఏమని తిట్టుకుంది... నాకైతే అదే చదవాలనుంది.

అప్పటి రాజధాని కేసోంగ్ దగ్గర పక్కపక్కనే ఉన్న వాళ్ల సమాధి దిబ్బలకు రెండు వాక్యాలు చాలు.

ఇంకోటి, మూడో పేజీలో గోంగ్‌మిన్‌ను గోగ్‌మిన్ అని కొట్టావు, చూసుకో.